తగరం, కంచు, వెండి: సైనికుల ఇళ్ళకొచ్చిన యుద్ధ గుర్తుల కుల చరిత్ర

2023 మే నెలలో లండన్‌లోని బోన్‌హామ్స్ వేలంశాలలో టిప్పు సుల్తాన్ ఖడ్గం ఒకటి సుమారు కోటీ నలభై లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. వేలంలో పాత వస్తువుకి ధర పలకాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. ఎక్కడ పుట్టింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అన్న లెక్క ఒప్పజెప్పాలి. ఈ ఖడ్గానికి చెప్పిన కథ చిన్నదే. టిప్పు పడకగదిలో దొరికింది. శ్రీరంగపట్నం మీద దాడిని నడిపిన మేజర్ జనరల్ డేవిడ్ బైర్డ్‌కి సైన్యం తరఫున బహూకరించారు. తర్వాత చేతులు మారి వేలానికి వచ్చింది. ఈ కథలో సుల్తానున్నాడు, జనరలున్నాడు, కొన్నవాడున్నాడు. గోడెక్కినోళ్ళు లేరు. సామాను మోసినోళ్ళు లేరు. నదిలో నడుముల్లోతు నీళ్ళలో నడిచి, కోట ముందు పడి చచ్చినోళ్ళు అసలే లేరు.

యుద్ధ వస్తువుల పుట్టుపూర్వోత్తరాలంటే ఇప్పటిదాకా సొంతదార్ల వరసే. కలిగినోళ్ళ పేర్లు వరసగా రాస్తారు, మోసినోళ్ళ పేర్లు వదిలేస్తారు. భూమి పట్టాల్లో జరిగిందే ఇక్కడా జరిగింది. దున్నినోడి పేరు పట్టాలో ఉండదు. అట్లాగే మ్యూజియం చీటీలో మోసినోడి పేరుండదు. ఈ వ్యాసం ఆ వరసను కింది నుంచి చదవడానికి ఒక ప్రయత్నం. యుద్ధానికి పోయిన అంటరాని కులాల మనుషులు ఇంటికి ఏం తెచ్చుకున్నారు? ఎవరిచ్చారు? ఏ లోహంతో ఇచ్చారు? ఎవరి సొమ్ములోంచి ఇచ్చారు? ఈ నాలుగు ప్రశ్నలే ఇక్కడ ముఖ్యం.

ఒక సెమినార్‌లో ఈ సంగతి ప్రస్తావించినప్పుడు ఒక ఆచార్యుడు, "పతకాలు పోగుచేయడం హాబీ, చరిత్ర కాదు" అన్నాడు. తాతల డైరీలు, దస్తావేజులు, ఫోటోలు బీరువాలో ఉన్నోళ్ళకి అట్లాగే అనిపిస్తుంది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. మా బోటి ఇళ్ళల్లో రెండు తరాల వెనకటి కాయితం ముక్క కూడా దొరకదు. అట్లాంటి చోట పేరు చెక్కిన ఒక లోహపు బిళ్ళ దొరికితే అది హాబీ కాదు. ఆ కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క దస్తావేజు అది.

కొల్లసొమ్ములో మెట్లు

1799 మే 4న శ్రీరంగపట్నం పడింది. కోట మీదికి పోయింది ఇంగ్లీషోళ్ళు మాత్రమే కాదు. మద్రాసు సైన్యపు సిపాయిలున్నారు, బొంబాయి సైన్యముంది, హైదరాబాద్ నిజాం పంపిన దళాలున్నాయి. కాబట్టి ఈ కథ తెలుగు నేలకి పరాయిది కాదు.

కోట పడ్డ రాత్రి విచ్చలవిడి లూటీ జరిగింది. ఆ తర్వాత లూటీకి లెక్కాపత్రం వచ్చింది. ప్రైజు కమిటీ కూర్చుంది, ఖజానాకి వెల కట్టింది. మొత్తం 11 లక్షల 43 వేల పౌండ్ల పైచిలుకు. సర్వసేనాని జనరల్ హారిస్‌కి ముట్టింది 1,42,902 పౌండ్లు. యూరోపియన్ సోల్జరుకి 7 పౌండ్ల చిల్లర. నల్ల సిపాయికి 5 పౌండ్లు. అంటే ఒక్క హారిస్ వాటా ఇరవై ఎనిమిది వేల మంది సిపాయిల వాటాకి సమానం. హారిస్ హక్కుకి మించి తీసుకున్నాడని కంపెనీ తర్వాత దావా వేసింది. గెలిచింది హారిసే.

టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. దాని మీది హుమా పక్షి ఇంగ్లండ్ రాజు చేతికి పోయింది. తెల్ల సైనికుణ్ణి కరిచి పట్టుకున్న కొయ్యపులి కంపెనీ వారి లండన్ కార్యాలయానికి పోయి, ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. ఈ విజయానికి గుర్తుగా కంపెనీ ఒక పతకం చేయించింది. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో తయారుచేశారు. ఒక పక్క పులిని కిందపడేసి తొక్కుతున్న సింహం బొమ్మ. బొమ్మ అందరికీ ఒకటే. లోహం మాత్రం ఒకటి కాదు. పై మెట్టు వాళ్ళకి బంగారం. ఆ కింది పెద్ద అధికార్లకి బంగారు పూత పూసిన వెండి. కెప్టెన్లు, చిన్న అధికార్లకి వెండి. నాన్ కమిషన్డ్ అధికార్లకి రాగి కంచు. మామూలు సిపాయికి తగరం.

అయిదు మెట్లు, అయిదు లోహాలు. మనకిది కొత్తా? నాలుగు వర్ణాలు, అయిదోది పంచమం అని బతికిన దేశమిది. కంపెనీ మనుస్మృతి చూసి ఈ పతకం చేయించిందని నేననడం లేదు. ఇంగ్లండ్‌కి తన సొంత మెట్లు తనకున్నాయి. కానీ ఈ రెండు మెట్ల వరసలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. తెల్లదొరల హోదా మెట్టూ ఊరి కులం మెట్టూ కలిసిన చోట తగరం బిళ్ళ అందుకున్నవాడు నిలబడ్డాడు. తగరం మెత్తనిది, అరుగుతుంది, వంగుతుంది. బంగారు పతకాలు భద్రంగా పెట్టెల్లో మిగిలాయి. వేల సంఖ్యలో తయారుచేసిన తగరం పతకాల్లో ఎన్నో మట్టిలో కలిసిపోయాయి. ఏది మిగలాలో ఏది పోవాలో తయారుచేసిన రోజునే నిర్ణయమైపోయింది.

ఎవరీ సిపాయిలు?

మద్రాసు సైన్యం మొదటినుంచీ అంటరాని కులాల వాళ్ళని చేర్చుకుంది. 18, 19 శతాబ్దాల్లో పరయన్ సిపాయిలు అందులో గణనీయంగా ఉండేవాళ్ళు. క్లైవ్ వెంట బెంగాల్ పోయిన సిపాయిలు మద్రాసు వైపు నుంచి పోయినోళ్ళు కాబట్టి అక్కడ సిపాయి అన్న మాటకి బదులు 'తెలింగా' అనే పేరే స్థిరపడిపోయింది. తెలుగోడు అన్నా సిపాయి అన్నా ఒకటే అర్థంగా నడిచిన కాలమది.

తర్వాత పరిస్థితి తిరగబడింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సర్వసేనానిగా, ఆపైన 1893 దాకా మొత్తం భారత సైన్యానికి సర్వసేనానిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తీర్మానించాడు. 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం వచ్చింది. పంజాబు, నేపాలు, పఠాన్ ప్రాంతాల వాళ్ళు వీరులు, తక్కినవాళ్ళు కారు. పటమట భారతంలో మహర్లకి 1890ల మొదట్లో సైన్యం తలుపులు మూసేశారు. దాని మీద 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ అర్జీ తయారుచేశాడు. 1910లో శివరామ్ జానబా కాంబ్లే మళ్ళీ అర్జీ పెట్టాడు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సక్‌పాల్ సుబేదారుగా పనిచేసింది తలుపు మూసుకోకముందటి సైన్యంలో. ఆ సైన్యపు బడి లేకపోతే ఆ ఇంట్లోకి చదువు అంత తొందరగా వచ్చేది కాదు.

తుపాకి పట్టే కొలువు మూసుకుపోయినా దక్షిణాది అంటరానివాళ్ళకి కొన్ని సందులు మిగిలాయి. మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్, మద్రాస్ పయొనీర్లు అట్లాంటివి. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం వాళ్ళ పని. యుద్ధంలో కూడా మనకి పలుగూ పారే దక్కాయి. ఆ పయొనీర్లని సైతం 1933లో రద్దు చేశారు. దానికంటే కింది మెట్టు ఇంకొకటుంది. దాన్ని సైన్యం 'ఫాలోవర్లు' అంది. డోలీ మోసేవాళ్ళు, తోలు తిత్తితో నీళ్ళు పోసే భిస్తీలు, చెప్పులూ జీనులూ కుట్టే మోచీలు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, దొడ్లు ఎత్తే స్వీపర్లు. ఊళ్ళో ఏ పని మన నెత్తిన పెట్టారో, సైన్యంలో అదే పనికి యూనిఫాం వేశారు.

ఈ మనుషుల్ని రికార్డుల్లో పట్టుకోవడం తేలిక కాదు. మద్రాసు సైన్యం తన జనాన్ని ముస్లింలు, తెలుగువాళ్ళు, తమిళులు, పరయన్లు, క్రైస్తవులు అనే గడుల్లో వేసింది. మాల, మాదిగ ఇళ్ళ నుంచి పోయి బాప్తిస్మం తీసుకున్నవాడు 'క్రిస్టియన్' గడిలో చేరి కులం మాటున పడిపోతాడు. అందుకే కాయితం ఒక్కటే చాలదు. వస్తువు కావాలి, ఊరి మాట కావాలి, రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

మగ్దలా: ఏనుగుల మీదికెక్కిన ఖజానా

1868లో ఇథియోపియా చక్రవర్తి తెవోద్రోస్ మీదికి రాబర్ట్ నేపియర్ నాయకత్వంలో దండు పోయింది. దండు బయల్దేరింది ఇంగ్లండ్ నుంచి కాదు, ముఖ్యంగా బొంబాయి నుంచి. సుమారు 13 వేల మంది సైనికులు. వాళ్ళ వెనక 26 వేల మంది ఫాలోవర్లు. నలభై వేలకు మించిన పశువులు, వాటిలో ఏనుగులు 44. ఈ అంకెలు మళ్ళీ ఒకసారి చూడండి. తుపాకి పట్టినవాడొక్కడికి మోసేవాళ్ళు ఇద్దరు. ఈ దండులో మద్రాస్ సాపర్లున్నారు. మజ్‌హబీ సిక్కులతో కూడిన 23వ పంజాబ్ పయొనీర్లున్నారు. మజ్‌హబీలంటే సిక్కు మతంలో చేరినా అంటరానితనం వదలని కులం వాళ్ళు. ఏప్రిల్ 10న ఆరోగే దగ్గర జరిగిన పోరులో వీళ్ళు ముందు వరసలో ఉన్నారు. ఏప్రిల్ 13న మగ్దలా కోట పడింది. తెవోద్రోస్ తన తుపాకితో తానే కాల్చుకున్నాడు.

ఆ తర్వాత లూటీ. రాజు ఖజానా పోయింది, మెద్‌హనే ఆలెమ్ చర్చి ఆస్తి పోయింది. పోగుపడ్డ సామాను దలంతా మైదానానికి చేర్చడానికి 15 ఏనుగులు, దాదాపు 200 కంచరగాడిదలు పట్టాయి. ఏప్రిల్ 20, 21 తేదీల్లో అక్కడే వేలం వేశారు. సుమారు 5 వేల పౌండ్లు వచ్చాయి. ఆ డబ్బు నాన్ కమిషన్డ్ అధికార్లకీ సైనికులకీ పంచారు. 26 వేల మంది ఫాలోవర్లు ఈ పంపకం మాటల్లో ఎక్కడా కనపడరు.

బ్రిటిష్ మ్యూజియం తన మనిషిని దండు వెంటే పంపింది. అతని పేరు రిచర్డ్ హోమ్స్. వేలంలో పెద్ద గిరాకీ అతనే. ఒక కిరీటం, ఒక బంగారు పాత్ర ఎవరో సైనికుడి దగ్గర నాలుగు పౌండ్లకి కొన్నాడని చెబుతారు. క్రీస్తు ముఖచిత్రం ఒకటి మ్యూజియానికి కూడా చెప్పకుండా తనకే ఉంచుకున్నాడు. సుమారు 350 చేతిరాత గ్రంథాలు మ్యూజియానికి చేరి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చర్చిల్లో గర్భగుడిలో ఉంచే తాబోత్ పలకలు పదకొండు ఇవాళ్టికీ బ్రిటిష్ మ్యూజియం గదిలో ఎవరికీ చూపకుండా మూసి ఉన్నాయి. ఏడేళ్ళ రాకుమారుడు అలెమాయెహును కూడా తీసుకుపోయారు. 1879లో పద్దెనిమిదేళ్ళ వయసులో ఇంగ్లండ్‌లో చనిపోయాడు, విండ్సర్‌లో పూడ్చారు. అస్థికలు తిరిగివ్వమని అడిగితే 2023లో కూడా రాజభవనం కాదనే అంది. దండు తిరిగొచ్చిన మూడేళ్ళకి, 1871లో, ప్రధాని గ్లాడ్‌స్టన్ ఆ వస్తువులు తేవడమే తప్పని పార్లమెంటులో విచారం వెలిబుచ్చాడు. విచారం వెలిబుచ్చాడు గానీ వస్తువులు తిప్పి పంపలేదు.

ఈ యుద్ధానికిచ్చిన పతకం వెనక కూడా ఒక తేడా ఉంది. యూరోపియన్ల పతకాల మీద వాళ్ళ పేరు వెనక వైపు మధ్యలో ఉబ్బెత్తుగా తయారీలోనే వచ్చేట్టు, ఒక్కొక్కటీ విడిగా చేశారు. ఖర్చుతో కూడిన పని. భారతీయ సైనికుల్లో ఎక్కువమందికి పేరు తర్వాత నొక్కి వేశారు. ఒకరి పేరు లోహంతో పాటు పుట్టింది, ఇంకొకరి పేరు లోహం మీద పడ్డ దెబ్బ. పతకం చేతిలోకి తీసుకుని వేలితో తడిమితే ఈ తేడా తెలిసిపోతుంది.

కంచు పతకం

1885లో మూడో బర్మా యుద్ధం వచ్చింది. ఇందులో మద్రాసు సైన్యానిదే పెద్ద పాత్ర. తీబా రాజుని రత్నగిరికి ప్రవాసం పంపారు. మాండలే కోటలోని రాజచిహ్నాలు లండన్ మ్యూజియానికి చేరాయి. 1964లో గానీ బర్మాకి తిరిగి రాలేదు. యుద్ధ పతకాల చరిత్రలో ఈ యుద్ధానికి ఇంకో గుర్తింపుంది. అప్పటిదాకా ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ వెండిది. 1885–87 బర్మా పట్టీతో మొదలుపెట్టి, సైనికులకి వెండి, నల్ల ఫాలోవర్లకి కంచు అని విడదీశారు.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. అంతకుముందు స్వీపరుకీ భిస్తీకీ ఆ మాత్రం కూడా ఎవరివ్వబోయారు, ఇది గుర్తింపే గదా అనొచ్చు. నిజమే, గుర్తింపే. కానీ ఎట్లాంటి గుర్తింపు? ఊళ్ళో హోటల్లో మనకీ టీ ఇచ్చారు, వేరే గ్లాసులో. ఈ కంచు పతకం సైన్యపు రెండో గ్లాసు. ఒకే రాణి బొమ్మ, ఒకే యుద్ధం, ఒకే రిబ్బను, వేరే లోహం. ఆ తర్వాత 1895 నాటి ఇండియా మెడల్లోనూ ఇదే పద్ధతి. 1900 చైనా యుద్ధంలోనూ, 1903–04 టిబెట్ దండయాత్రలో బరువులు మోసిన కూలి దళానికీ ఇదే పద్ధతి. 1914–18 యుద్ధానికి వచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ లక్షల సంఖ్యలో వెండితో చేశారు. సుమారు 1,10,000 మాత్రం కంచుతో చేశారు. అవి ఎక్కువగా చైనా, మాల్టా, భారత లేబర్ కోర్‌ల వాళ్ళకి పోయాయి.

ఆ యుద్ధంలో మన దేశం నుంచి చేరినవాళ్ళ లెక్క ఇది. తుపాకి పట్టినవాళ్ళు 8,77,068 మంది. పట్టనివాళ్ళు 5,63,369 మంది. ప్రతి అయిదుగురిలో ఇద్దరు ఫాలోవర్లు, కూలీలు. మెసొపొటేమియా ఎండలో రేవులు కట్టిందీ, రైలు పట్టాలు పరిచిందీ, గాయపడ్డవాళ్ళని మోసిందీ, శవాలు పూడ్చిందీ వీళ్ళే. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి ప్రపంచయుద్ధంలో భారతీయులంటే తలపాగా పెట్టి తుపాకి పట్టిన బొమ్మ ఒకటే ఉంటుంది. చీపురు పట్టిన బొమ్మ, తిత్తి మోసిన బొమ్మ ఎక్కడైనా చూశామా?

అంచు మీద రాసినది

పతకం ముందు వైపు రాజు ముఖం ఉంటుంది. చరిత్ర ఉండేది అంచు మీద. ఆ కాలపు చాలా పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఫాలోవర్ల కంచు పతకాల మీద హోదా చోట 'స్వీపర్', 'భిస్తీ', 'కుక్', 'డోలీ బేరర్' అనే మాటలు కనిపిస్తాయి. హోదా చోట కులవృత్తి. ఊళ్ళో పిలిచిన పిలుపు అంత దూరం పోయి లోహం మీద చెక్కుకుని వచ్చింది.

అట్లాంటి పతకం ఇంటికొస్తే ఏమవుతుంది? సుబేదారు పతకం గోడెక్కుతుంది, ఫోటో ఫ్రేముకి వేలాడుతుంది. 'స్వీపర్' అని రాసిన పతకం పెట్టె అడుగుకి పోతుంది. చదువు రాని ఇంట్లో ఆ రాత ఏమిటో తెలియక కొన్నాళ్ళు ఉండొచ్చు. చదువొచ్చిన మొదటి కొడుకు ఆ మాట చదివిన రోజున అది ఇంట్లోంచి మాయం కావచ్చు. సిగ్గుపడాల్సింది ఆ మాట చెక్కించినోళ్ళు. సిగ్గుపడింది మాత్రం మనం.

వెండి పతకాల గతి ఇంకొకటి. బ్రిటిష్ వార్ మెడల్‌లో రెండున్నర తులాలకి పైన వెండి ఉంది. కరువొచ్చినా, పెళ్ళొచ్చినా, ఆసుపత్రి ఖర్చొచ్చినా అది కంసాలి దగ్గరికి పోయింది. 1979–80లో ప్రపంచమంతా వెండి ధర పేలిపోయినప్పుడు ఇంగ్లండ్‌లోనే లెక్కలేనన్ని వార్ మెడల్స్ కరిగించేశారు. ఇక మన వాడల్లో సంగతి చెప్పేదేముంది. విచిత్రమేమంటే, కంచుకి ధర లేకపోవడం వల్ల కరిగించే ఆశా తక్కువే. అవమానించడానికిచ్చిన లోహమే కొన్నిచోట్ల ఆ పేరును కాపాడింది. ఇప్పుడు ఆ కంచు పతకాలు తక్కువ దొరుకుతాయి గనక పతకాలు పోగుచేసే వ్యాపారులకి గిరాకీ. 'స్వీపర్' అన్న మాట ఉంటే వింత వస్తువు కింద ఇంకా ధర పలుకుతుంది. ఆ పేరు గలవాడి మనవళ్ళకి మాత్రం ఆ సంగతి తెలీదు.

చనిపోయినవాళ్ళ ఇళ్ళకి ఇంకో గుర్తు వచ్చింది. 1914–18 యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి అరచేయంత కంచు ఫలకం పంపారు. 12 సెంటీమీటర్ల అడ్డకొలత. ఇట్లాంటివి పదమూడు లక్షలకి పైగా చేశారు. దీని మీద హోదా రాయలేదు. త్యాగంలో అందరూ సమానమని చెప్పడానికి పేరొక్కటే రాశారు. బతికినన్నాళ్ళూ మెట్టు మెట్టుకీ లోహం మార్చిన రాజ్యం చచ్చాక సమానం చేసింది. కానీ ఆ సమానత్వం కూడా ఇంటికొచ్చిన బిళ్ళ మీదే ఆగిపోయింది. రాతి మీదికి పోలేదు.

పేర్లు లేని గోడ

ఇరాక్‌లోని బస్రాలో మెసొపొటేమియా యుద్ధంలో సమాధి దొరకని నలభై వేల మందికి పైగా మృతుల స్మారకముంది. 1929లో ఆవిష్కరించారు. బ్రిటిష్ సైనికుల పేర్లు హోదాతో సంబంధం లేకుండా గోడ మీద ఉన్నాయి. భారతీయుల్లో అధికార్ల పేర్లున్నాయి. మామూలు సిపాయిలకి పేర్లు లేవు, ఫలానా దళం నుంచి ఇన్ని వందల మంది అని అంకె వేశారు. 2021లో కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తన సొంత చరిత్ర మీద తానే నివేదిక వేసింది. భారత, ఆఫ్రికా దేశాల వాళ్ళు 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించారనీ, కనీసం 1,16,000 మందిని, బహుశా మూడున్నర లక్షల మంది దాకా, పేరు పెట్టి స్మరించలేదనీ, కొందర్ని అసలు స్మరించనే లేదనీ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. దాని వెనక జాతి వివక్ష ఉందని కూడా ఒప్పుకుంది.

జాతి వివక్ష గురించి ఒప్పుకున్నారు, సరే. ఆ అంకెల లోపల ఉన్న కులం సంగతి ఎవరు అడగాలి? ఇది మన ప్రశ్న. గోడ మీద పేరు లేనివాడి పేరు ఇంట్లో ఉన్న బిళ్ళ అంచు మీద ఉండే అవకాశముంది. అందుకే ఆ బిళ్ళ అంత విలువైంది.

దీనికి ఎదురు నిలిచే రాయి ఒకటుంది. 1818 జనవరి 1న జరిగిన భీమా కోరేగావ్ యుద్ధ స్తంభం మీద చనిపోయిన మహర్ సిపాయిల పేర్లు ఇరవైరెండున్నాయి. 'నాక్' అని ముగిసే ఆ పేర్లని చదివి అంబేడ్కర్ 1927 జనవరి 1న అక్కడికి పోయాడు. కంపెనీ తన గెలుపు కోసం కట్టుకున్న రాయిని ఆయన తన జనం దస్తావేజుగా మార్చాడు. 1941లో పెట్టిన మహర్ రెజిమెంటు తన చిహ్నంగా ఆ స్తంభాన్నే పెట్టుకుంది. 2018 జనవరి 1న అక్కడికి పోయిన దళితుల మీద దాడి జరగడం చూస్తే, రెండొందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పేర్లు చదవడం కొందరికి ఎంత మంటో అర్థమవుతుంది.

మన చేతికంటిన మరక

ఇక్కడ మనం తప్పించుకోకూడని ప్రశ్న ఒకటుంది. జాతీయవాదులు ఎప్పుడూ అనే మాట, మీవాళ్ళు తెల్లోళ్ళ తొత్తులు అని. ఆ మాటకి జవాబు సులభం. పేష్వాల రాజ్యంలో ఊరి బయట బతికినవాడికి 'స్వరాజ్యం' అన్న మాటకి అర్థం వేరు. కూడు, గుడ్డ, బడి, పింఛను ఇచ్చిన కొలువు వైపు పోయాడు. అంతే. తెల్లోడి కచేరీల్లో గుమాస్తాలుగా, మునసబులుగా పనిచేసిన అగ్రవర్ణాలని ఎవరూ తొత్తులనలేదు గదా.

కష్టమైన ప్రశ్న మన లోపలి నుంచి రావాలి. మగ్దలా జనానికి మనం ఏం జవాబు చెప్తాం? ఆ ఏనుగుల వెంట నడిచినోళ్ళలో, ఆ కంచరగాడిదల్ని తోలినోళ్ళలో మనోళ్ళున్నారు. మాండలేలో ఉన్నారు. 1900లో చైనాలో మద్రాస్ పయొనీర్లూ సాపర్లూ ఉన్నారు. ఆ పెకింగ్ లూటీని కళ్ళారా చూసిన 7వ రాజపుత్ దళం సిపాయి ఠాకూర్ గదాధర్ సింగ్ 1902లో హిందీలో పుస్తకం రాశాడు. చైనావాళ్ళ మీద జరిగిన దౌర్జన్యానికి బాధపడ్డాడు. అతను రాయగలిగాడు, అచ్చేయించగలిగాడు. అదే బజార్లో దొడ్లు ఎత్తినవాడు ఏం చూశాడో, ఏమనుకున్నాడో మనకి రాతలో మిగల్లేదు. అతను కూడా ఒక పట్టుగుడ్డో పింగాణీ గిన్నో మూటలో పెట్టుకుని ఉండొచ్చు. బాధితుడు కాబట్టి చేతులు శుభ్రమని ముందే తీర్పివ్వడం చరిత్ర కాదు.

దెబ్బ తిన్నవాడి చేతే ఇంకొకణ్ణి కొట్టించడం, ఆ పనికి తగరమో కంచో ఇవ్వడం, సొమ్ము పైవాడు తీసుకోవడం. సామ్రాజ్యం ఈ పద్ధతిలోనే నడిచింది. ఊళ్ళో దొర ఒక వాడని ఇంకో వాడ మీదికి ఉసిగొల్పిన పద్ధతీ ఇదే. అందుకని పతకాన్ని గర్వంగా మాత్రమే చదివితే సగం చదివినట్టు. సిగ్గుగా మాత్రమే చదివినా సగమే. ఆ పతకం వాడి కష్టానికి సాక్ష్యం. వేరొకరి ఇల్లు కూలినదానికీ సాక్ష్యమే.

1901లో పెకింగ్‌లోని స్వర్గ దేవాలయం నుంచి ఎత్తుకొచ్చిన గంట ఒకటి దశాబ్దాల పాటు మన సైన్యం ఆఫీసర్ల మెస్సులో ఉంది. తెల్లోళ్ళు పోయాక కూడా అక్కడే ఉంది. 1990ల మధ్యలో దాన్ని చైనాకి తిరిగిచ్చారు. కోహినూరు అడిగే దేశం తన మెస్సుల్లో ఏముందో కూడా చూసుకోవాలని ఈ గంట చెబుతుంది. తిరిగివ్వడం గురించి మాట్లాడేటప్పుడు దళిత పరిశోధకులు ఇథియోపియా, బర్మా, చైనా జనం పక్కన నిలబడాలి. మన వాటా మనం అడుగుతూనే, వాళ్ళ సొత్తు వాళ్ళకి చేరాలని కూడా అడగాలి.

చేయాల్సిన పని

ఇది ఒకరిద్దరు స్కాలర్లతో అయ్యే పని కాదు. పంజాబులో మొదటి యుద్ధం నాటి ఊరివారీ రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి. 2021 నుంచి వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఎక్కడెక్కడి కుటుంబాలో తమ తాతల పేర్లు వెతుక్కున్నాయి. పాత పతకాల జాబితాలు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. అంచు మీద నంబరూ దళమూ తెలిస్తే ఆ జాబితాల్లో మనిషిని వెతకొచ్చు. తెలియకపోతే ఎంత పెద్ద ఆర్కైవు అయినా మూగదే. ఆ నంబరు ఉండేది వాడలో.

టీచర్లకి ఒక మనవి. మీ క్లాసులో పిల్లల్ని ఇంట్లో పాత బిళ్ళలు, పింఛను కాయితాలు, మిలిటరీ పెట్టెలు ఉన్నాయేమో అడగమనండి. బిళ్ళ ఉంటే తోమొద్దు, చింతపండు పెట్టొద్దు, తోమితే అంచు మీద రాత అరిగిపోతుంది. అంచుని అక్షరం అక్షరం చూసి రాసుకోండి. తప్పుగా ఉన్నట్టనిపించినా ఉన్నది ఉన్నట్టే రాయండి. మన పేర్లు దొరల చెవికెట్లా వినపడ్డాయో అట్లాగే చెక్కారు. ఆ ఇంటి ముసలామెని అడగండి. ఆయన ఎక్కడికి పోయాడని చెప్పుకునేవాళ్ళు? బస్రా అన్నారా, బర్మా అన్నారా? పింఛను ఎవరికి వచ్చింది, ఎప్పుడు ఆగింది? ఆ డబ్బుతో కొన్న చెక్క ఏదైనా ఉంటే అది ఇప్పుడెవరి చేతుల్లో ఉంది? వస్తువుతో పాటు ఈ మాటలు కూడా రాసి, ఊరు పేరు వేసి పెట్టండి.

కార్యకర్తలకి ఇంకో మాట. అవసరం పడి ఎవరైనా అమ్ముకోవాల్సి వస్తే తప్పు పట్టొద్దు. కడుపు కంటే పతకం ఎక్కువ కాదు. అమ్మేముందు రెండు వైపులా, అంచూ ఫోటో తీసి పెట్టుకోమని చెప్పండి. బిళ్ళ పోయినా పేరు మిగులుతుంది. ఇట్లా వంద పేర్లు పోగైతే మద్రాసు సైన్యంలో, లేబర్ కోర్‌లో తెలుగు మాలమాదిగల చరిత్ర మొదటిసారి మన చేతుల్లోంచి రాయొచ్చు. మ్యూజియం చీటీల్లో ఎవరు మోశారో రాయమని అప్పుడు ఆధారంతో అడగొచ్చు.